పారేసిన చీటీలు: జాన్ వాన్ న్యూమన్ జీవితం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు కబురు పెట్టినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది మా తొమ్మిదో తరగతి లెక్కల పీరియడు. మా బ్యాచ్ వాళ్లకు చెప్పనక్కర్లేదు, తరువాత వచ్చిన తమ్ముళ్ల, చెల్లెళ్ల కోసం చెబుతాను. మాస్టారి బల్ల మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు రాసిన పది చీటీలు. బోర్డు దగ్గరికి ఎవరు రావాలో ఆ డబ్బాయే తేల్చేది. మాస్టారు ఒక చీటీ తీసి, అంకె చూసి, మళ్లీ డబ్బాలో వేసి, బాగా కుదిపి రెండో చీటీ తీసేవారు. మొదటిది పదుల స్థానం, రెండోది ఒకట్ల స్థానం. మూడు, తరువాత ఒకటి వస్తే 31వ నంబరు లేవాలి. క్లాసులో మేం 43 మందిమి. 43 దాటిన సంఖ్య వచ్చినా, రెండూ సున్నాలే వచ్చినా, దాన్ని వదిలేసి మళ్లీ మొదటి నుంచి తీసేవారు.

వందలో 57 సార్లు ఇలా వృథా పోయేది. ఒకరోజు మాలో ఒకడు ఉపాయం చెప్పాడు. 43 దాటితే అందులోంచి 43 తీసేద్దాం, ఇంకా దాటితే మరో 43 తీసేద్దాం, అప్పుడు ఏ చీటీ వృథా కాదు అని. మాస్టారు కాదనలేదు, బోర్డు మీద లెక్క వేయమన్నారు. 1 నుంచి 43 దాకా ఒక వరస, 44 నుంచి 86 దాకా రెండో వరస. మిగిలిన 87 నుంచి 99 దాకా ఉన్న 13 సంఖ్యలూ మళ్లీ మొదటి 13 మంది మీదే పడతాయి. అంటే ఆ 13 మందికి మూడేసి అవకాశాలు, మిగతా వాళ్లకు రెండేసి. హాజరుపట్టీలో పేరు ముందున్న పాపానికి వాళ్లు ఎక్కువసార్లు బోర్డెక్కాలి. మాస్టారు ఆ ఉపాయాన్ని పూర్తిగా తోసిపుచ్చకుండా చిన్న సవరణ చేశారు. 86 దాకా 43 తీసేయడం సరే, 87 నుంచి పైవి, రెండు సున్నాలు మాత్రం పారేయాల్సిందే. అప్పటి నుంచి వందలో 14 మాత్రమే వృథా పోయేవి, ఎవరికీ అన్యాయం జరిగేది కాదు.

పారేయడం కూడా న్యాయంలో భాగమేనని నాకు ఆ రోజు తెలిసింది. ఇదే ఆలోచనను ఏ ఆకారంలో ఉన్న సంభావ్యతా విభాజనానికైనా సరిపోయేలా పెంచి, కంప్యూటర్ల కాలానికి అందించిన మనిషి ఒకరున్నారని చాలా ఏళ్ల తరువాత చదివాను. ఆయన పేరు జాన్ వాన్ న్యూమన్. ఆయన కథ కూడా ఒక బడిలో, ఒక లెక్కల మాస్టారి దగ్గరే మలుపు తిరుగుతుంది. అందుకే ఈ సంచికలో ఆయన గురించి రాస్తున్నాను.

బుడాపెస్ట్ బడి

న్యూమన్ 1903 డిసెంబరు 28న హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో పుట్టాడు. ఇంట్లో పేరు యానోష్. తండ్రి మిక్సా బ్యాంకు వ్యవహారాల్లో పేరున్నవాడు, తల్లి మార్గిట్. ముగ్గురు అన్నదమ్ముల్లో ఈయనే పెద్ద. కలిగిన యూదు కుటుంబం. 1913లో చక్రవర్తి ఆ తండ్రికి ఒక గౌరవ బిరుదు ఇచ్చాడు. పేరు మధ్యలో కనిపించే వాన్ అనే ముక్క దాని గుర్తే. పిల్లవాడికి పెద్ద సంఖ్యల గుణకారాలు నోటితో చేయడం, చదివింది చదివినట్టు గుర్తుంచుకోవడం చిన్నప్పుడే వచ్చేశాయి.

అతన్ని ఊళ్లోని లూథరన్ ఉన్నత పాఠశాలలో చేర్చారు. ఫాషోరి పాఠశాల అని దానికి వాడుక పేరు. అక్కడ లెక్కల మాస్టారు లాస్లో రాట్స్. దేశంలోని బడిపిల్లలందరికీ నెలనెలా లెక్కలు ఇచ్చి, వాళ్లు పంపిన సాధనలను అచ్చువేసే ఒక గణిత పత్రికకు ఆయన చాలా ఏళ్లు సంపాదకుడు. ఈ కుర్రవాడికి మామూలు పాఠం చెప్పడమంటే అతని కాలం వృథా చేయడమేనని రాట్స్‌కు త్వరగానే అర్థమైంది. నేరుగా తండ్రిని కలిసి, అబ్బాయికి విశ్వవిద్యాలయ స్థాయి చదువు వేరుగా చెప్పించాలని ఒప్పించారు. అక్కడి ఆచార్యులతో మాట్లాడి ఆ ఏర్పాటు కూడా తానే చూశారు. గాబోర్ సెగో వంటి గణితవేత్తలు ఆ పిల్లవాడికి పాఠాలు చెప్పారు. ఇంత చేసి రాట్స్ మాస్టారు ఒక్క పైసా తీసుకోలేదు.

ఇందులో ఉపాధ్యాయ మిత్రులు గమనించవలసిన సంగతి ఒకటుంది. అబ్బాయిని పై తరగతులకు ఎక్కించేయలేదు. తన ఈడు పిల్లలతోనే కూర్చుని, మిగతా పాఠాలన్నీ వాళ్లతోనే చదువుకున్నాడు. అతని కంటే ఒక తరగతి పైన యూజీన్ విగ్నర్ ఉండేవాడు. తరువాత 1963లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న విగ్నర్ ఈయనే. ముసలితనంలో కూడా ప్రిన్‌స్టన్‌లోని తన గదిలో రాట్స్ మాస్టారి ఫొటో పెట్టుకున్నాడు.

1921లో బడి చదువు ముగిసింది. గణితంతో పొట్ట గడవదని తండ్రి భయం. అందుకని రెండు పడవల ప్రయాణం మొదలైంది. బెర్లిన్‌లో, ఆ తరువాత జ్యూరిక్‌లో కెమికల్ ఇంజినీరింగ్, మరోపక్క బుడాపెస్ట్‌లో గణితంలో డాక్టరేట్. 1926లో రెండు పట్టాలూ చేతికొచ్చాయి. మన ఇళ్లల్లో ఇంజినీరింగ్ కోసం ఇష్టమైన చదువు మానుకున్న వాళ్లకు ఈ ముక్క చదివితే నవ్వూ వస్తుంది, నిట్టూర్పూ వస్తుంది.

అమెరికా, యుద్ధం

1930లో అమెరికాలోని ప్రిన్‌స్టన్‌కు వెళ్లాడు. 1933లో అక్కడి ఉన్నత అధ్యయన సంస్థలో తొలి ఆచార్యుల్లో ఒకడయ్యాడు. ఐన్‌స్టీన్ కూడా అదే సంస్థలో ఆచార్యుడు. అప్పటికే 1928లో ఆటల సిద్ధాంతానికి పునాది వేసిన వ్యాసం, 1932లో క్వాంటమ్ యాంత్రికశాస్త్రానికి గణిత పునాది కట్టిన పుస్తకం ప్రచురించాడు. ఈలోగా యూరప్‌లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. యూదుగా పుట్టిన మనిషికి వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది. 1937లో న్యూమన్ అమెరికా పౌరుడయ్యాడు.

1943 నుంచి లాస్ అలమోస్‌లో అణుబాంబు పనిలో పాలుపంచుకున్నాడు. ప్లుటోనియం గోళాన్ని చుట్టూ పేలుడు పదార్థంతో ఒకేసారి లోపలికి నొక్కే పద్ధతిలో ఆయన లెక్కల పాత్ర పెద్దది. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద పడిన బాంబు ఆ రకానిదే. ఏ నగరాల మీద వేయాలో సిఫారసు చేసిన సంఘంలోనూ ఆయన సభ్యుడు. యుద్ధం తరువాత సోవియట్ రష్యాపై ముందే దాడి చేయాలన్న వాదనను కూడా బలపరిచాడు. గొప్పవాడి జీవితం రాసేటప్పుడు ఇవి దాటవేయడం తేలిక. కానీ మనం చెప్పుకోబోయే పద్ధతి పుట్టింది సరిగ్గా ఈ పనిలోనే కాబట్టి దాటవేయలేం.

పేకముక్కల నుంచి న్యూట్రాన్ల దాకా

1946లో ఆయన మిత్రుడు, పోలండ్‌లో పుట్టిన గణితవేత్త స్టానిస్లా ఉలామ్, పెద్ద జబ్బు చేసి కోలుకుంటున్నాడు. కాలక్షేపానికి ఒంటరిగా పేకాట ఆడుతూ, ఈ ఆట నెగ్గే అవకాశం ఎంత అని ఆలోచించాడు. సూత్రంతో లెక్కిద్దామంటే తెగడం లేదు. దానికంటే వంద సార్లు ఆడి ఎన్నిసార్లు నెగ్గామో లెక్కపెడితే సరిపోతుంది కదా అనిపించింది. అదే ఉపాయం న్యూట్రాన్లకూ పనికొస్తుందని తోచి న్యూమన్‌కు చెప్పాడు. న్యూమన్ వెంటనే అందుకున్నాడు. మొనాకోలోని జూదశాల పేరుమీద దానికి మాంటీ కార్లో పద్ధతి అని పేరు పడింది.

సంగతి ఇదీ. పదార్థంలో పరుగెత్తే ఒక న్యూట్రాన్ ఎంత దూరం పోయి అణువును ఢీకొంటుందో ముందుగా చెప్పలేం. ఢీకొన్నాక దిశ మార్చుకోవచ్చు, అణువులో కలిసిపోవచ్చు, అణువును చీల్చి కొత్త న్యూట్రాన్లను పుట్టించవచ్చు. ఒక్కొక్కదానికి ఎంత అవకాశం ఉందో మాత్రం తెలుసు. కాబట్టి కంప్యూటర్‌లో ఒక్కో న్యూట్రాన్ బతుకును చీటీలు తీసినట్టు నడిపించి, వేల బతుకుల సగటు చూడాలి. చిక్కు ఎక్కడంటే, యంత్రం ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్యలు 0కీ 1కీ మధ్య సమానంగా పరుచుకుని ఉంటాయి. మనకు కావలసినవి అలా ఉండవు. తక్కువ దూరాలు ఎక్కువసార్లు, ఎక్కువ దూరాలు తక్కువసార్లు రావాలి. సమానమైన చీటీల డబ్బాలోంచి అసమానమైన ఫలితాలను సరైన పాళ్లలో తీయడం ఎలా?

1947 మేలో ఉలామ్‌కు రాసిన ఉత్తరంలో న్యూమన్ రెండు దారులు చూపాడు. ఒకటి, సూత్రాన్ని తిరగేసి నేరుగా విలువ రాబట్టడం. తిరగేయడానికి వీలుకాని చోట, వీలైనా యంత్రానికి భారమయ్యే చోట పనికొచ్చేది రెండోది. దాన్నే ఇప్పుడు తిరస్కరణ ప్రతిచయనం, వాడుకలో రిజెక్షన్ శాంప్లింగ్ అంటున్నారు.

పదో తరగతి పిల్లలకు గ్రాఫు కాగితం మీద చెప్పవచ్చు. కావలసిన విభాజనం వక్రరేఖను గీయండి. దాన్ని పూర్తిగా కప్పేలా ఒక దీర్ఘచతురస్రం గీయండి. ఇప్పుడు కళ్లు మూసుకుని ఆ దీర్ఘచతురస్రంలో బియ్యపు గింజలు సమానంగా చల్లండి. రేఖకు పైన పడ్డ గింజలను ఏరి పారేయండి. కింద మిగిలిన గింజలు అడ్డంగా ఏ స్థానంలో ఉన్నాయో రాసుకోండి. రేఖ ఎత్తుగా ఉన్నచోట ఎక్కువ గింజలు, పొట్టిగా ఉన్నచోట తక్కువ గింజలు మిగులుతాయి. అంటే మిగిలినవన్నీ కలిపి మనం కోరిన ఆకారంలోనే ఉంటాయి.

అంకెలతో చూద్దాం. 0 నుంచి 1 దాకా పోయేకొద్దీ అవకాశం నిటారు గీతలా పెరుగుతూ పోవాలనుకుందాం. రెండు సంఖ్యలు తీయాలి. మొదటిది అడ్డ స్థానం, రెండోది ఎత్తు. ఎత్తు స్థానం కంటే ఎక్కువైతే పారేయాలి. 0.30, 0.62 వచ్చాయి. ఎత్తు ఎక్కువ, పారేశాం. 0.80, 0.45 వచ్చాయి. ఎత్తు తక్కువ, 0.80ని ఉంచుకున్నాం. చతురస్రంలో గీత కింది భాగం సగం కాబట్టి సగటున రెండింట్లో ఒకటి మిగులుతుంది. మా మాస్టారి డబ్బా దీనికి అతి సులువైన రూపం. 1 నుంచి 43 దాకా సమతలంగా ఉన్న రేఖ, ఆ తరువాత సున్నా.

ఈ పద్ధతులను న్యూమన్ 1949లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఒక సదస్సులో వివరించాడు. 1951లో అది చిన్న వ్యాసంగా అచ్చయింది. అందులో నాణెం లెక్క ఒకటుంది, మన పిల్లలకు తప్పక చెప్పాలి. నాణెం వంకరది, బొమ్మ వందలో 60 సార్లు పడుతుంది. దానితో న్యాయమైన టాస్ వేయగలమా? రెండేసి సార్లు ఎగరేయమన్నాడు. రెండుసార్లూ ఒకటే పడితే పారేయాలి. ముందు బొమ్మ తరువాత బొరుసు పడితే ఒక జట్టు, ముందు బొరుసు తరువాత బొమ్మ పడితే రెండో జట్టు. ఈ రెండింటి అవకాశమూ 0.6ను 0.4తో గుణిస్తే వచ్చే 0.24 మాత్రమే. నాణెం ఎంత వంకరో తెలియకపోయినా తీర్పు సమానమే. వందలో 52 జతలు వృథా పోతాయి. న్యాయానికి కట్టే ధర అది.

అదే వ్యాసంలో, లెక్కలతో నిజమైన యాదృచ్ఛికతను పుట్టిస్తామనుకునేవాడు పాపం చేస్తున్నట్టేనని ఆయన హాస్యమాడాడు. ఆ పాపం తానూ చేశాడు. నాలుగంకెల సంఖ్యను వర్గం చేసి మధ్య నాలుగంకెలు తీసుకుని, మళ్లీ వర్గం చేయడం ఆయన పద్ధతే. 1234 వర్గం 1522756, ముందు సున్నా చేర్చి ఎనిమిదంకెలు చేస్తే మధ్యలో 5227. కానీ 2100తో మొదలుపెట్టి చూడండి. 4100, 8100, 6100, మళ్లీ 2100. గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది. లోపం తెలిసే వాడాడు, లోపం తెలుస్తూ ఉండేలా వాడాడు.

1948లో ఎనియాక్ యంత్రం మీద న్యూట్రాన్ల లెక్కలు నడిచాయి. దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులతో గది నిండా పరుచుకున్న యంత్రం అది. ఆ లెక్కలకు ప్రోగ్రాము రాయడంలో ముఖ్యపాత్ర న్యూమన్ భార్య క్లారాది. ఆమె పేరు చాలాకాలం ఎక్కడా వినిపించలేదు. ఇలా వెలుగులోకి రాని పేర్లు మన బడి చరిత్రలోనూ ఉన్నాయని అందరికీ తెలుసు.

వృథా ఎక్కడ భారమవుతుంది?

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. చతురస్రంలో గింజలు చల్లి, లోపల ఇమిడిన వృత్తంలో పడ్డవి మాత్రమే ఉంచుకుంటే వందలో 78 దాకా మిగులుతాయి. ఘనంలో గోళమైతే 52. కొలతలు పెరిగి పదయ్యేసరికి దాదాపు 400 గింజలు చల్లితే ఒక్కటి మిగులుతుంది. తప్పు సమాధానం రాదు, సమాధానమే ఎప్పటికో గాని రాదు. అందుకే 1953లో మెట్రోపాలిస్, ఆయన సహచరులు మరో దారి చూపారు. అందులో కొత్త స్థానం నచ్చకపోతే ఉన్నచోటే ఉండి, ఆ స్థానాన్నే మరోసారి లెక్కవేస్తారు. ఈ రెండు దారులూ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. బాంబు కోసం పుట్టిన మాంటీ కార్లో లెక్కలే ఈరోజు క్యాన్సర్ రోగికి ఎంత రేడియేషన్ ఎక్కడ తగులుతుందో అంచనా వేయడానికి సాయపడుతున్నాయి.

చివరి రోజులు

ఆ క్యాన్సరే న్యూమన్‌నూ పట్టుకుంది. 1955లో బయటపడింది. అప్పుడాయన అమెరికా అణుశక్తి సంఘంలో సభ్యుడు. కొంతకాలం చక్రాల కుర్చీలో సమావేశాలకు వెళ్లాడు. ఆ తరువాత ఆసుపత్రి మంచం. ఆలోచించడమే బతుకైన మనిషికి ఆలోచన ఆగిపోతుందన్న నిజం భరించలేనిదైంది. చిన్నప్పుడు పెద్ద గుణకారాలు నోటితో చేసినవాడు, చివర్లో కూతురు మరీనాను ఏడూ నాలుగూ ఎంత లాంటి చిన్న కూడికలు తనను అడగమన్నాడు. బుర్ర ఇంకా పనిచేస్తోందా అని చూసుకోవడానికి. ఆమె ఆ గదిలో ఎక్కువసేపు నిలబడలేకపోయిందట. 1957 ఫిబ్రవరి 8న, 53 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మెదడునూ కంప్యూటర్‌నూ పోల్చుతూ రాస్తున్న ఉపన్యాసాలు సగంలో ఆగిపోయి, మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చాయి.

ఆయన చదివిన ఫాషోరి పాఠశాలను 1952లో అక్కడి ప్రభుత్వం మూసేసింది. 1989లో మళ్లీ తలుపులు తెరిచారు. 37 ఏళ్లు మూతబడిన బడి తిరిగి గంట కొట్టిందంటే, దాన్ని మరచిపోని మనుషులు మిగిలి ఉన్నారన్నమాట. యాభై ఏళ్ల పండుగ చేసుకుంటున్న మనకు ఆ మాట విలువ తెలుసు.

ఈ జీవితం చదివాక నాకు ఒక ప్రశ్న మిగిలింది. బడి ఒక మేధావిని గుర్తించి పైకి పంపగలదు. ఆ మేధ ఎటు పోతుందో బడి చేతిలో లేదు. రాట్స్ మాస్టారు 1930లోనే కన్నుమూశారు, నాగసాకిని చూడలేదు. చూసి ఉంటే ఏమనుకునేవారో మనం ఊహించి చెప్పడం తగదు. కానీ ఆయన చేసినదాంట్లో మన చేతిలో ఉన్న పని ఒకటి కనిపిస్తుంది. ఒక్క యానోష్ కోసం విశ్వవిద్యాలయం దాకా నడిచారు, దేశంలోని పిల్లలందరికీ చాలా ఏళ్లు లెక్కలూ పంపారు. ఒకరిని ఎంచుకోవడం, మిగతావారిని వదిలేయడం ఒకటి కావు.

మా మాస్టారి డబ్బాలో కూడా అంతే. 87 వస్తే పారేసేవారని చెప్పాను కదా. నిజానికి ఆయన ఏ చీటీనీ కిటికీలోంచి విసిరేయలేదు. ఎనిమిదీ ఏడూ మళ్లీ డబ్బాలోకే వెళ్లేవి. కాసేపటికి ఆ ఎనిమిదే ఒకటితో కలిసి 18గా వచ్చేది, ఆ ఏడే రెండుతో కలిసి 27గా వచ్చేది. తిరస్కరించినది ఆ జతను, ఆ పూటకు. పరీక్షల్లో, పోటీల్లో, ఉద్యోగాల్లో ఒకసారి పక్కన పడ్డ మన పూర్వ విద్యార్థులు ఎందరో తరువాత వేరే జతలో వేరే చోట నిలబడ్డారు. ఈ సంచికలోని పేర్లు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

డబ్బాను బాగా కుదిపి, అందరికీ సమానంగా అవకాశం ఇచ్చిన మా లెక్కల మాస్టారికి, ఈ బడిలో పాఠం చెప్పిన గురువులందరికీ నమస్సులు.